సామాన్లలో బ్యాటరీ అంటుకుంటే విమానాశ్రయ భద్రతా సిబ్బంది ఏం చేయాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కొత్త ఉద్యోగుల కోసం సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రయాణికుల విమానాలు దిగే చోటు ఇంకా లేదు. దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్ల తరబడి వినబడుతూనే ఉన్నా, మనవాళ్లు విమానం ఎక్కాలంటే రేణిగుంటకో, చెన్నైకో, ఒంగోలు వైపువారైతే గన్నవరానికో పోవలసిందే. సామాన్ల తనిఖీ, లోడింగ్, గేటు కాపలా వంటి ఉద్యోగాలకు కూడా మన యువతీ యువకులు ఆ ఊళ్లకే వెళ్తున్నారు. అలా కొత్తగా చేరేవారికి బ్యాగులోంచి పొగ వచ్చిన క్షణంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో వరుసగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ప్రతి విమానాశ్రయానికీ తన సొంత అత్యవసర ప్రణాళిక ఉంటుంది కనుక, ఇక్కడ చెప్పినదానికీ దానికీ ఎక్కడైనా తేడా వస్తే ఆ ప్రణాళికే చెల్లుతుంది.

బ్యాటరీ ఎందుకు అంటుకుంటుంది

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, పవర్ బ్యాంకుల్లో ఉండేవి లిథియం అయాన్ బ్యాటరీలు. వాటిలోని రెండు ధ్రువాల మధ్య సన్నని ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. బ్యాటరీ కిందపడి నలిగినా, తయారీలో లోపమున్నా, మితిమీరి ఛార్జయినా, బయటి కొనలకు తాళంచెవుల వంటి లోహం తగిలినా లోపల వేడి పుడుతుంది. ఆ వేడికి పొర దెబ్బతింటే ధ్రువాలు కలిసిపోతాయి. అక్కడినుంచి వేడి రసాయన చర్యను పెంచుతుంది, ఆ చర్య మళ్లీ వేడిని పెంచుతుంది, బయటినుంచి ఆపేవారు లేకపోతే ఉష్ణోగ్రత కొద్ది క్షణాల్లోనే వందల డిగ్రీలకు చేరుతుంది. బ్యాటరీలో ఉండే చిన్న చిన్న భాగాలైన సెల్‌లలో ఒకటి ఇలా పోయిందంటే, గాలివాటున వరుసగా ఉన్న తాటాకు ఇళ్లలా పక్క సెల్‌లన్నీ ఒకదాని వెంట ఒకటి అందుకుంటాయి.

ఈ గొలుసును తెంచేది చల్లదనం ఒక్కటే. పైకి కనిపించే మంటను ఆర్పినంత మాత్రాన లోపలి వేడి తగ్గదు, ఆరిందనుకున్న బ్యాటరీ కొంతసేపటికి మళ్లీ భగ్గుమనవచ్చు. సాధారణ అగ్నిప్రమాదాలకు నేర్పే పద్ధతులు ఇక్కడ సగమే పనిచేయడానికి కారణం ఇదే. కింద చెప్పే ప్రతి సూచన వెనకా ఈ సంగతే ఉంది కనుక దీన్ని ముందు బాగా మనసుకు పట్టించుకోవాలి.

నిబంధనలు, వాటి లెక్క

పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చెకిన్ లగేజీలో వేయకూడదు, ప్రయాణికుడు చేతిసంచిలోనే తీసుకెళ్లాలి. విమానం పొట్టలో మంట పుడితే చేరుకునే మనిషి ఉండడు, క్యాబిన్‌లో అయితే సిబ్బంది ఉంటారు. అలా తీసుకెళ్లే బ్యాటరీ 100 వాట్-అవర్ల (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తికి కొలత) లోపు ఉంటే సాధారణంగా అనుమతిస్తారు. 100 నుంచి 160 వరకు ఉంటే విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి, అటువంటి విడి బ్యాటరీలు రెండింటికి మించకూడదు. 160 దాటినవి సాధారణంగా ప్రయాణికుడి సామాన్లలో ఎక్కడా కుదరవు. ఉబ్బినవి, పగిలినవి, లోపముందని కంపెనీ వెనక్కి పిలిచినవి ఎంత చిన్నవైనా ఒప్పుకోరాదు.

పవర్ బ్యాంకు మీద చాలాసార్లు ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్) అంకె మాత్రమే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని వెయ్యితో భాగించి 3.7 వోల్టులతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, ఇబ్బంది లేదు. 27,000 అయితే దాదాపు 100, అంచు మీద ఉన్నట్టు. 30,000 అయితే 111, అనుమతి తప్పదు. అంకె చెరిగిపోయినదాన్ని, అసలు అంకే లేనిదాన్ని అనుమతించకపోవడమే క్షేమం.

తెర ముందు కూర్చున్నవారి పని

మంటను ఆర్పడం కన్నా అది పుట్టకముందే పట్టుకోవడం తేలిక. ఎక్స్‌రే తెర మీద బట్టలు, తిండి నారింజ రంగులో కనిపిస్తే, బ్యాటరీలు లోహం వల్ల ఆకుపచ్చ, ముదురు నీలం రంగుల్లో దట్టంగా కనిపిస్తాయి. గుండ్రటి సెల్‌లు వరుసగా పేర్చినట్టు, పలకబ్యాటరీలు పలుచని దీర్ఘచతురస్రాల్లా పడతాయి. ఫోన్, ల్యాప్‌టాప్‌లను ఎవరైనా గుర్తుపడతారు. చిక్కంతా మిగతావాటితోనే.

మన ప్రాంతపు సామాన్లలో అటువంటివి తక్కువేమీ కాదు. రాత్రిళ్లు రొయ్యల చెరువుల కాపలాకు తలకు కట్టుకునే ఛార్జింగ్ లైట్ల లోపల ఉండేవి లిథియం సెల్‌లే, చవకరకం వాటిలో రక్షణ సర్క్యూట్ ఉంటుందన్న భరోసా లేదు. పొలాలకు మందు కొట్టే డ్రోన్ బ్యాటరీ 160 వాట్-అవర్లను సులువుగా దాటుతుంది. ట్రిమ్మర్లు, బ్లూటూత్ స్పీకర్లు, మెడకు వేసుకునే చిన్న ఫ్యాన్లు, బ్యాటరీ ఊడదీయడానికి వీల్లేని స్మార్ట్ సూట్‌కేసులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఈ-సిగరెట్లను 2019లో చట్టమే నిషేధించింది, అయినా సంచుల అడుగున కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

గల్ఫ్‌కు వెళ్లేవారి పెట్టెల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉదయగిరి, కనిగిరి వైపు ఊళ్లనుంచి బయలుదేరే వాళ్ల అట్టపెట్టెలకు నాలుగువైపులా నైలాను తాడు, దానిమీద ప్లాస్టిక్ చుట్టు, మళ్లీ దానిమీద టేపు ఉంటాయి. లోపల ఆవకాయ జాడీ, కారప్పొడి పొట్లాల మధ్య ఎవరో బంధువుకు చేర్చమని ఇచ్చిన పవర్ బ్యాంకు ఉంటుంది, అది ఉన్న సంగతి పెట్టె తెచ్చినవారికే గుర్తుండదు. అందుకే “బ్యాటరీలు ఉన్నాయా?” అని అడిగితే లేవనే జవాబు వస్తుంది. “అమ్మా, ఛార్జింగ్ పెట్టే వస్తువు ఏదైనా ఇందులో ఉందా? ఎవరైనా ఇచ్చి పంపిన పొట్లం ఉందా?” అని అడిగి చూడండి, అప్పుడు గుర్తుకొస్తుంది. ఆ ప్రశ్న కసురుకుంటున్నట్టు కాకుండా ఇంట్లోవాళ్లను అడిగినట్టు ఉండాలి, ఎందుకంటే భయపడిన మనిషి దాచిపెడతాడు.

చెకిన్ లగేజీలో పవర్ బ్యాంకు కనబడితే ప్రయాణికుడిని పిలిపించి, అతని ఎదుటే తెరిపించాలి. బయటకు తీసిన వస్తువు వేడిగా ఉందా, ఉబ్బిందా అని అరచేయి దగ్గరగా పెట్టి చూడాలే తప్ప నొక్కి చూడకూడదు.

పొగ కనబడిన మొదటి నిమిషం

బ్యాటరీ పేలేముందు చాలాసార్లు సంకేతాలు ఇస్తుంది. బుస్సుమని గాలి వెళ్లే చప్పుడు, చిటపటలు, నెయిల్ పాలిష్‌ను గుర్తుకు తెచ్చే తీపి ఘాటు వాసన, తెల్లని ఆవిరి వాటిలో ముఖ్యమైనవి. ఆ తెల్లని ఆవిరిని ఉత్త పొగ అనుకోకూడదు. అది మండే వాయువు, ఒకచోట పేరుకుంటే ఒక్కసారిగా అంటుకుంటుంది.

మొట్టమొదట చేయవలసింది బెల్టు ఆపించి గట్టిగా చెప్పడం (సంచి ఎక్స్‌రే యంత్రం లోపల ఉంటే బెల్టు సంగతి వేరు, అది కింద ఉంది). “బ్యాగులో పొగ, రెండో లైను, అందరూ వెనక్కి” అన్నట్టు చిన్న మాటల్లో చెప్పాలి. “ఫైర్, ఫైర్” అని కేకలు వేస్తే జనం ఎటు పరుగెత్తాలో తెలియక తోసుకుంటారు. ఒకరు జనాన్ని వెనక్కి పంపుతుంటే, రెండోవారు వాకీటాకీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జికీ కంట్రోల్ రూముకూ ఏ టెర్మినల్, ఏ లైను, చేతిసంచా చెకిన్ పెట్టా, మంట ఉందా పొగ మాత్రమేనా అన్నవి చెప్పాలి. విమానాశ్రయ అగ్నిమాపక దళం వచ్చేదాకా జరిగేదంతా ఈ ఇద్దరి మీదే ఆధారపడి ఉంటుంది. వస్తువు చిన్నదైనా సరే, చుట్టూ పది మీటర్లు ఖాళీ చేయించడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే గుండ్రటి సెల్‌లు తూటాల్లా ఎగిరిపడగలవు.

సంచి యజమాని సంచి మీదికే ఉరుకుతాడు. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, డబ్బు అందులోనే ఉంటాయి మరి. అతన్ని కసిరి లాభం లేదు, చేయిపట్టుకుని పక్కకు తీసుకురావాలి. “అన్నా, పాస్‌పోర్టు పోతే మళ్లీ తీయొచ్చు, ఇటు రా. లోపల ఏముందో అది చెప్పు” అంటే అతని బుద్ధి వస్తువు మీదినుంచి జవాబు మీదికి మళ్లుతుంది, ఆ జవాబు మనకు అవసరం కూడా.

పొగ వస్తున్న సంచిని చేత్తో ఎత్తి బయటకు పరుగెత్తకూడదు. ధైర్యవంతులు చేసే తప్పు ఇదే. కదిలిస్తే లోపలి సెల్‌లు మరింత నలుగుతాయి, పేలితే ముఖానికీ పొట్టకూ దగ్గరగా పేలుతుంది, పైగా బయటికి వెళ్లే దారిలోనే జనమంతా ఉంటారు. వేడిగా ఉన్న సంచి జిప్పు తీయడం కూడా తప్పే, లోపల పేరుకున్న ఆవిరికి గాలి తగిలి ముఖం మీదికి మంట రావచ్చు. తాళ్లు కట్టిన పెట్టె అయితే కోసే ప్రయత్నమే వద్దు.

బ్యాటరీయేనా, బాంబా

భద్రతా సిబ్బందికి ఉన్న చిక్కు అగ్నిమాపక సిబ్బందికి ఉండదు. పొగ వస్తున్న సంచిలో ఉన్నది ఛార్జర్ కావచ్చు, పేలుడు పదార్థమూ కావచ్చు. కనుక నీళ్ల బకెట్ అందుకోకముందే ఒక నిర్ణయం జరగాలి. ఆ సంచి ఎక్స్‌రే బొమ్మ తెరమీద ఉండి, అందులో బ్యాటరీ స్పష్టంగా కనబడి, తీగలతో కలిసిన అనుమానాస్పద వస్తువు మరేదీ లేకపోతే, యజమాని ఎదురుగా నిలబడి అందులో ఏముందో చెబుతుంటే, బ్యాటరీ మంటగానే భావించి పని మొదలుపెట్టవచ్చు. బొమ్మ లేకపోయినా, యజమాని కనబడకపోయినా, బొమ్మలో అర్థంకాని గుత్తి ఏదైనా ఉన్నా, ఆ సంచి అనుమానాస్పద వస్తువే. అప్పుడు దగ్గరకు వెళ్లకుండా, తాకకుండా, జనాన్ని దూరం పంపి, బాంబు బెదిరింపు ప్రణాళిక ప్రకారం సంబంధిత దళానికి అప్పగించాలి. అటువంటి సందర్భంలో ఒక సంచి, ఒక బెల్టు కాలిపోయినా సరే.

ఈ నిర్ణయం తీసుకునే అధికారం షిఫ్ట్ ఇన్‌ఛార్జిది. తెర ముందున్న స్క్రీనరు చేయవలసింది బొమ్మను చెరిపేయకుండా ఆపి ఉంచడం. తొందరలో తర్వాతి సంచి బొమ్మను తెరమీదికి రానిస్తే నిర్ణయానికి ఆధారం కళ్లముందునుంచి జారిపోతుంది.

సంచి యంత్రం లోపల ఉంటే

ఎక్స్‌రే సొరంగం లోపల పొగ మొదలైతే కొత్తవాళ్ల చేయి మొదట ఎర్ర ఎమర్జెన్సీ బటన్ మీదికి పోతుంది. అది నొక్కితే బెల్టు ఆగుతుంది, సంచి మాత్రం సీసపు తెరల మధ్య చిక్కుకుపోతుంది. పొగ మాత్రమే వస్తూ, బయటికి వచ్చే వైపు మనుషులు లేకుండా ఉంటే, బెల్టును నడిపించి సంచిని రోలర్ల మీదికి రప్పించి, అప్పుడు ఆపడం మేలు. చేయి తగలకుండా సంచి కదిలే అవకాశం ఇదొక్కటే. మంట అప్పటికే పైకి లేచినా, సంచి ఇరుక్కున్నా వెంటనే ఆపి, యంత్రానికి కరెంటు తీసేయాలి. తెరలు పైకెత్తి లోపలికి తొంగిచూడటం, చేయి పెట్టడం, కర్రతో లాగడం వద్దు.

కరెంటు పోయిందని ఖాయమయ్యేదాకా యంత్రంలోకి నీళ్లు కొట్టకూడదు. ఆలోగా కార్బన్ డయాక్సైడ్ సిలిండరుతో మంటను అణచవచ్చు. అది బ్యాటరీని చల్లబరచదు కానీ మంట పక్కకు పాకకుండా కొంత వ్యవధి ఇస్తుంది.

నీళ్లు, ఇంకా నీళ్లు

లిథియం పేరు వినగానే నీళ్లు పోస్తే పేలుతుందన్న భయం చాలామందికి ఉంది. శుద్ధ లిథియం లోహం విషయంలో అందులో నిజముంది. ఫోన్, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకుల్లోని లిథియం అయాన్ బ్యాటరీలకు మాత్రం నీళ్లే ఉత్తమం, వేడిని అంత వేగంగా లాగేసేది మనకు అందుబాటులో మరొకటి లేదు. 2016 సెప్టెంబరులో సింగపూర్ నుంచి చెన్నైకి వస్తున్న ఇండిగో విమానంలో పై అరలోని సంచిలో సాంసంగ్ నోట్ 2 ఫోన్ పొగలు కక్కింది. సిబ్బంది మొదట ఎక్స్‌టింగ్విషర్ కొట్టి, తరువాత ఆ ఫోన్‌ను నీళ్లు నింపిన పాత్రలో వేసి టాయిలెట్‌లో ఉంచారు, విమానం చెన్నైలో క్షేమంగా దిగింది. వరుసను గమనించండి, మంటను అణచడం ముందు, చల్లార్చడం తరువాత. ఆ రెండోది వదిలేస్తే మొదటిది వృథా.

నేల మీద కూడా ఇదే వరుస. ఎదురుగాలిలో కాకుండా, తప్పుకునే దారి వీపు వెనక ఉండేట్టు నిలబడి, వీలైనంత దూరంనుంచి నీళ్లు కొట్టాలి. ఫోన్ లాంటి చిన్నదానికి బకెట్ నీళ్లు సరిపోవచ్చు, ల్యాప్‌టాప్‌కు చాలవు. మంట ఆరినా పోయడం ఆపకూడదు, ఆవిరి రావడం మానేదాకా, బుస్సుమనే చప్పుడు పోయేదాకా పోస్తూనే ఉండాలి. ఐసుగడ్డలు వాడకూడదు, అవి చుట్టూ పేరుకుని వేడి బయటికి పోకుండా అడ్డుపడతాయి. వర్మిక్యులైట్ కలిపిన ద్రవం ఉండే ఏవీడీ సిలిండర్ లైను దగ్గర ఉంటే అది ఇంకా మంచిది, అది చల్లబరుస్తూనే పైన పొరగా అతుక్కుంటుంది.

టెర్మినల్ గోడలకు ఎక్కువగా కనిపించే సిలిండర్లలోని ఏబీసీ పౌడర్ (మంటలార్పే పొడి) మంటను పడగొడుతుంది కానీ వేడిని తీయదు, పైగా ఆ పొడి మబ్బులో సంచి ఎక్కడుందో కూడా కనబడదు. మరేదీ అందుబాటులో లేకపోతేనే దాన్ని వాడి, వెంటనే నీళ్లకు మారాలి. మన పెట్రోలు బంకుల్లో వేలాడే ఎర్ర బకెట్ల ఇసుక కూడా ఇటువంటిదే, ఎగిరే ముక్కల్ని ఆపుతుంది కానీ వేడిని లోపలే దాచిపెడుతుంది. కంబళి కప్పితే కింద మండే వాయువు పేరుకుంటుంది.

గట్టి ప్లాస్టిక్ సూట్‌కేసు మీద ఎన్ని నీళ్లు పోసినా పైనుంచే జారిపోతాయి. దాన్ని తెరిచే పని మనది కాదు. చుట్టూ తడిపి, పక్క వస్తువులు అంటుకోకుండా కాపాడి, రక్షణ దుస్తులతో వచ్చే అగ్నిమాపక సిబ్బందికి వదిలేయాలి. డ్రోన్, ఈ-బైక్ బ్యాటరీల వంటి పెద్దవాటి విషయంలో మొదటినుంచే దూరంగా ఉండటం తప్ప మనం చేయగలిగింది లేదు.

వెనకవైపు, విమానం దగ్గర

చెకిన్ పెట్టెలు వెళ్లే కన్వేయర్ మీద పొగ వస్తే బెల్టు ఆపి, ఆ పెట్టె విమానం వైపు ఒక్క అడుగు కూడా ముందుకు పోకుండా చూడాలి. దానికి తగలకుండా ముందువెనక ఉన్న పెట్టెల్ని తీయగలిగితే తీయాలి. పెట్టె అప్పటికే ట్రాలీ ఎక్కి విమానం పక్కన ఉంటే, మంట ఇంకా లేవకపోతే, ట్రాక్టర్ డ్రైవర్ ఆ ట్రాలీని విమానానికీ ఇంధన బండికీ దూరంగా లాగి, తాను బండి విప్పుకుని తప్పుకోవడం సబబు. పైలట్‌కు ఆ సంగతి వెంటనే చేరాలి. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో బయలుదేరబోతున్న ఎయిర్ బుసాన్ విమానం నేల మీదే తగలబడింది. క్యాబిన్ పై అరలో మొదలైన ఆ మంటకు పవర్ బ్యాంకు కారణం కావచ్చని దర్యాప్తులో తేలింది. లోపలివారంతా బయటపడినా విమానం పైకప్పు కాలిపోయింది.

పొగ పీల్చినవారు, కాలినవారు

బ్యాటరీ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. పొగ పీల్చినవారిని తాజా గాలిలోకి తీసుకెళ్లి, తాము బాగానే ఉన్నామని చెప్పినా విమానాశ్రయ వైద్యుడికి చూపించాలి, ఎందుకంటే ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. కాలిన చోట ఇరవై నిమిషాలపాటు మామూలు చల్లని ధార నీరు పోయాలి. ఉంగరాలు, గాజులు, గడియారం వాపు రాకముందే తీసేయాలి. పేస్టు, పసుపు, సిరా వంటివి పూయకూడదు. చర్మం మీద బ్యాటరీ ద్రవం పడిందనిపిస్తే ఆ మాట వైద్యుడికి తప్పక చెప్పాలి, ఫ్లోరైడ్ గాయానికి కాల్షియం గ్లూకోనేట్ జెల్‌తో వేరే చికిత్స ఉంటుంది.

మంట ఆరాక

ఆరిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు, గదిలో పెట్టకూడదు, యజమానికి తిరిగి ఇవ్వకూడదు. అగ్నిమాపక సిబ్బంది అనుమతి ఇచ్చాక పొడవాటి పటకారుతో, మందపాటి చేతిగ్లవ్స్ వేసుకుని, నీళ్లు నింపిన లోహపు తొట్టెలోకి దించి, భవనానికి దూరంగా ఆరుబయట కనీసం ఒక రోజు కనిపెట్టుకుని ఉండాలి. తొట్టెకు మూత బిగించవద్దు. ఆ నీళ్లను కాలువలోకి వదలకుండా, వ్యర్థాన్ని 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం అప్పగించాలి.

నివేదిక రాసేటప్పుడు అభిప్రాయాలు కాకుండా సమయాలు రాయాలి. పొగ ఎప్పుడు కనబడింది, బెల్టు ఎప్పుడు ఆగింది, ఫైర్ వాళ్లు ఎప్పుడు చేరారు, ఏ సిలిండర్ వాడారు, బ్యాటరీ మీద ఏ అంకె ఉంది అన్నవి తర్వాత పనికొస్తాయి. ఎక్స్‌రే బొమ్మ, సీసీటీవీ దృశ్యాలు భద్రపరచాలి. ప్రమాదకర వస్తువుల ఘటనగా విమాన సంస్థ డీజీసీఏకు (పౌర విమానయాన నియంత్రణ సంస్థకు) తెలపవలసి ఉంటుంది కనుక ఈ వివరాలు వారికీ అందాలి. యజమానిని నేరస్థుడిలా చూడనక్కర్లేదు, అతని వాంగ్మూలం, చిరునామా తీసుకుని, కాలకుండా మిగిలిన కాగితాలను లెక్కచూపి అప్పగించాలి.

లైను తిరిగి తెరిచేముందు యంత్రాన్ని ఇంజినీరు పరీక్షించాలి, తడిసిన నేల ఆరాలి, ఖాళీ అయిన సిలిండర్ స్థానంలో నిండినది రావాలి, బకెట్‌లో మళ్లీ నీళ్లు నింపాలి. ఇవన్నీ పూర్తయ్యాయని షిఫ్ట్ ఇన్‌ఛార్జి రిజిస్టరులో సంతకం చేసిన తరువాతే మొదటి ట్రేను బెల్టు మీద పెట్టాలి.